సిస్‌ప్లాటిన్ తర్వాత చెవుల్లో హోరు: వినికిడి పరీక్ష ముందే చేయించాలని ఎవరూ ఎందుకు చెప్పరు?

గోదావరి_గట్టు
మా నాన్నగారికి నాలుక క్యాన్సర్‌కు శస్త్రచికిత్స జరిగింది. ఆ తర్వాత రేడియేషన్‌తో పాటు మూడు వారాలకు ఒకసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కిస్తున్నారు. రెండో డోసు పూర్తయిన కొద్ది రోజులకే రెండు చెవుల్లోనూ కీచురాయి అరుస్తున్నట్లు ఎడతెగని హోరు మొదలైంది. మాట వినపడుతోందని, కానీ ఏమన్నారో తెలియడం లేదని ఆయన అంటున్నారు. ఎదురుగా కూర్చుని నిదానంగా మాట్లాడితే అందుకుంటారు; నలుగురూ ఒకేసారి మాట్లాడుకుంటుంటే మాత్రం మా ముఖాలు చూస్తూ ఊరుకుంటారు. ఆసుపత్రిలో అడిగితే, ముందు క్యాన్సర్ సంగతి చూద్దాం, చెవి సంగతి తర్వాత అన్నారు. మా ఊళ్లో ఒక వైద్యుడు పరీక్ష చేసి, ఇది వయసు వల్ల వచ్చినదేనని తేల్చేశారు. మేము సంతకం పెట్టిన ఇంగ్లిషు కాగితాల్లో ఒక మూల వినికిడి తగ్గవచ్చని రాసి ఉందట, దాన్ని ఎవరూ మాకు చదివి వినిపించలేదు. మూడో డోసు ఇంకా మిగిలి ఉంది. పోయిన వినికిడి తిరిగి వస్తుందా? ముందే జాగ్రత్తపడే దారి ఉందా?

ఆడియాలజిస్ట్_విశాఖ
మీ మొదటి ప్రశ్నకు సమాధానం కఠినంగానే ఉంటుంది, కానీ దాచడం వల్ల ఉపయోగం లేదు. సిస్‌ప్లాటిన్ వల్ల తగ్గిన వినికిడి సాధారణంగా తిరిగి రాదు. లోపలి చెవిలో చుట్టలు తిరిగి ఉండే కాక్లియాలో, సన్నని రోమాలు కలిగిన కణాలు శబ్ద ప్రకంపనలను అందుకుని నాడికి చేరవేస్తాయి. ఈ మందు ముందుగా దెబ్బతీసేది వాటిలో బయటి వరుసల కణాలను, అది కూడా కాక్లియా మొదటి చుట్టలో హెచ్చు పౌనఃపున్యాలను, అంటే సన్నని కీచు శబ్దాలను, అందుకునే వాటిని. పక్షుల్లో ఈ కణాలు మళ్లీ పుడతాయి, మనుషుల్లో పుట్టవు.

అందుకే మొదట పోయేది శబ్దం కాదు, స్పష్టత. అచ్చుల బలమంతా తక్కువ పౌనఃపున్యాల్లో ఉంటుంది కనుక ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తూనే ఉంటుంది. స, శ, ష, చ, త వంటి హల్లులను ఒకదాని నుంచి మరొకదాన్ని వేరుచేసే భాగం పై పౌనఃపున్యాల్లో ఉంటుంది కాబట్టి, ఏ మాట అన్నారో తెలియదు. మీ నాన్నగారు చెబుతున్నది సరిగ్గా ఇదే.

వయసు వల్ల వచ్చే చెవుడు ఏళ్ల తరబడి మెల్లగా వస్తుంది, రెండు డోసుల మధ్య కొద్ది రోజుల్లో రాదు. ఆడియోగ్రామ్ అనే మామూలు వినికిడి పరీక్ష 250 నుంచి 8000 హెర్ట్జ్ వరకే కొలుస్తుంది. అంతకు పైన కొలిచే పరీక్ష వేరే ఉంది, అన్ని చోట్లా ఆ యంత్రం ఉండదు కానీ అడిగి చూడండి. మూడో డోసుకు ముందే ఆ నివేదికను క్యాన్సర్ వైద్యుడి చేతిలో పెట్టండి.

కాకతీయ_కోట
నేను ఒప్పుకోను. మా అన్నయ్యకు ఇదే మందు ఇచ్చారు, ఆయనకూ చెవి మందగించింది, అయినా ఈ రోజు మా మధ్య తిరుగుతున్నాడు. ఇలాంటి చర్చలు చదివి కీమో సగంలో మానేసేవాళ్లు ఉంటారు. ప్రాణమా చెవా అన్నప్పుడు చెవి గురించి ఇంత చర్చ అవసరమా?

మునేరు_ఒడ్డు
కాకతీయ_కోట గారూ, నాకు ఇరవై ఏడేళ్ల వయసులో వృషణ క్యాన్సర్ వచ్చి ఊపిరితిత్తులకు పాకింది. సిస్‌ప్లాటిన్ లేకపోతే ఈ జవాబు రాసేవాణ్ని కాదు. 1960లలో మిచిగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో బార్నెట్ రోజెన్‌బర్గ్ బ్యాక్టీరియాపై విద్యుత్ ప్రభావాన్ని పరిశీలిస్తుంటే, కణాల విభజన ఆగడానికి కారణం విద్యుత్తు కాదు, ఎలక్ట్రోడ్ల నుంచి కరిగిన ప్లాటినం అని బయటపడింది. 1978లో అమెరికాలో దానికి అనుమతి వచ్చాకే నాలాంటి రోగులు బతికి బట్టకట్టడం మామూలైంది.

అయినా నా రెండు చెవుల్లో హోరు నేటికీ తగ్గలేదు. ఈ మందు తీసుకుని బతికిన వృషణ క్యాన్సర్ రోగులను అమెరికా, కెనడాలలో పరీక్షించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రతి ఐదుగురిలో నలుగురికి ఎంతో కొంత వినికిడి లోపం కనిపించింది, 18 శాతం మందికి అది తీవ్రంగా ఉంది. మొత్తం మోతాదు పెరిగేకొద్దీ నష్టమూ పెరిగింది. ప్రాణం కావాలా చెవి కావాలా అని నన్ను ఎవరూ అడగలేదు, అడిగితే ప్రాణమే అనేవాణ్ని. నా ఫిర్యాదల్లా ముందుగా ఒక ముక్క చెప్పి, ఒక పరీక్ష చేయించి ఉండవలసింది అన్నదే. ఇందులో కీమో మానేయమన్న మాట ఎక్కడుంది?

ఇక ఒక్క లాభం ఉంది. పిలిస్తే పలకవు అని మా ఆవిడ దెబ్బలాడినప్పుడు చూపించడానికి, ఈ వేదికలోని మిగతా భర్తలెవరికీ లేని ముద్రిత ఆధారం నా దగ్గరుంది.

నిజామాబాద్_అమ్మ
మా బాబుకు రెండేళ్లు నిండకముందే కాలేయంలో గడ్డ వచ్చింది, హెపటోబ్లాస్టోమా అన్నారు. అప్పుడు ప్రతి విడత కీమోకు ముందు నిద్రపుచ్చి, శబ్దానికి మెదడు స్పందనను కొలిచే బేరా పరీక్ష చేసేవారు, అందుకు నేను ఆ వైద్య బృందానికి ఎంతో రుణపడి ఉన్నాను. ఇప్పుడు వాడు ఒకటో తరగతి. గడ్డ మళ్లీ రాలేదు. కానీ బడిలో టీచరమ్మ వీడికి ధ్యాస లేదని, పిలిచినా పట్టించుకోడని రెండుసార్లు పుస్తకంలో రాసి పంపారు. పెద్దవాళ్లకు మాటలు ముందే వచ్చి ఉంటాయి కనుక సగం విని మిగతా సగం ఊహించుకుంటారు. మాటలు నేర్చుకునే వయసులోనే హల్లులు వినపడని పిల్లవాడు దేన్ని ఆధారం చేసుకుని ఊహిస్తాడు? చెవి సంగతి తర్వాత అనే మాట పెద్దల విషయంలో ఎలా ఉన్నా, పిల్లల విషయంలో పూర్తిగా తప్పు.

వెల్లుల్లి_వైద్యం
ఆవనూనెలో వెల్లుల్లి వేసి కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు రెండేసి చుక్కలు వేస్తే నరాలు తెరుచుకుంటాయి.

ఆడియాలజిస్ట్_విశాఖ
చెవిలో వేసిన చుక్క కర్ణభేరి దగ్గరే ఆగిపోతుంది. దెబ్బతిన్న కణాలు దానికి చాలా లోపల, ఎముకలో ఉన్నాయి. పైగా కీమో జరుగుతున్న మనిషికి రోగనిరోధక శక్తి తక్కువగా ఉంటుంది, ఆ చుక్కలతో బయటి చెవిలో ఇన్‌ఫెక్షన్ వస్తే కొత్త సమస్య తోడవుతుంది. దయచేసి వేయకండి.

టెక్సస్_ఫార్మసీ
నిజామాబాద్_అమ్మ గారు చెప్పిన హెపటోబ్లాస్టోమా పిల్లల మీదే ఈ విషయంలో ముఖ్యమైన ప్రయోగం జరిగింది. సిస్‌ప్లాటిన్ ఎక్కించడం పూర్తయిన ఆరు గంటలకు సోడియం థయోసల్ఫేట్‌ను రక్తనాళంలోకి ఇచ్చి చూశారు. సియోపెల్ 6 అనే ఆ ప్రయోగం ఫలితాలు 2018లో వచ్చాయి. ఒక్క సిస్‌ప్లాటిన్ తీసుకున్న పిల్లల్లో 63 శాతం మందికి వినికిడి లోపం వస్తే, థయోసల్ఫేట్ కూడా తీసుకున్నవారిలో అది 33 శాతానికి తగ్గింది. క్యాన్సర్ చికిత్స ఫలితం మాత్రం దెబ్బతినలేదు. 2022 సెప్టెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పెడ్‌మార్క్ పేరుతో దీన్ని అనుమతించింది.

అయితే ఆ అనుమతికి హద్దులున్నాయి. అది నెల వయసు దాటిన పిల్లలకు, గడ్డ ఒకే చోట ఉండి ఇతర అవయవాలకు పాకనప్పుడు మాత్రమే. థయోసల్ఫేట్ ప్లాటినాన్ని పట్టుకుని నిర్వీర్యం చేస్తుంది కాబట్టి, త్వరపడి ఇస్తే గడ్డ మీద పనిచేయవలసిన మందునే చంపేస్తుంది. ఆరు గంటల ఎడం అందుకే. మరో ప్రయోగంలో, వ్యాధి శరీరమంతా పాకిన పిల్లల్లో థయోసల్ఫేట్ తీసుకున్నవారే తక్కువగా బతికినట్లు కనిపించింది. కనుక గోదావరి_గట్టు గారి నాన్నగారి వంటి పెద్దవారికి ఇది ఈనాటి మామూలు చికిత్స కాదు.

పాత_ఫోటో_స్టూడియో
సోడియం థయోసల్ఫేట్ అంటే మా డార్క్‌రూమ్‌లో హైపో. తెనాలిలో స్టూడియో నడిపిన రోజుల్లో బస్తాలకు బస్తాలు కరిగించి ఫోటోలు కడిగాను. నా చెవులు ఈ వయసులోనూ ఇంత బాగా పనిచేయడానికి కారణం ఇదేనని ఈ రోజే తెలిసింది.

టెక్సస్_ఫార్మసీ
మీ హాస్యం అర్థమైంది, కానీ ఎవరైనా నిజమనుకునే ప్రమాదం ఉంది కనుక రాస్తున్నాను. సయనైడ్ విషానికి విరుగుడుగా ఇచ్చే థయోసల్ఫేట్ ఇంజెక్షన్‌ను కూడా పెడ్‌మార్క్‌కు బదులుగా వాడకూడదని దాని సూచనల్లోనే ఉంది. ఇక డార్క్‌రూమ్ హైపో సంగతి చెప్పనక్కరలేదు.

ఆంకాలజీ_పీజీ
నేను మీ నాన్నగారిని చూడలేదు, కనుక ఇది సలహా కాదు, వైద్యుడి వైపు నుంచి వివరణ మాత్రమే. మూడు వారాలకు ఒకసారి శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు 100 మిల్లీగ్రాముల మోతాదును వైద్యులు మొండితనంతో ఎంచుకోవడం లేదు. ముంబయిలోని టాటా మెమోరియల్ సెంటర్ 2018లో ప్రచురించిన ప్రయోగంలో దాన్ని వారానికి 30 మిల్లీగ్రాముల పద్ధతితో పోల్చారు. రెండేళ్ల తర్వాత తల, మెడ భాగంలో వ్యాధి అదుపులో ఉన్నవారు మూడు వారాల పద్ధతిలో 73.1 శాతం, వారం పద్ధతిలో 58.5 శాతం. దుష్ఫలితాలు మాత్రం మూడు వారాల పద్ధతిలోనే ఎక్కువ, వినికిడి లోపంతో సహా. ఈ అంకెలు చూసిన వైద్యుడు చెవి కోసం మోతాదు తగ్గించడానికి వెనుకాడితే అర్థం చేసుకోవచ్చు.

కానీ కథ అక్కడితో ఆగలేదు. శస్త్రచికిత్స అయిన రోగుల మీద జపాన్‌లో జరిగి 2022లో ప్రచురితమైన ప్రయోగంలో, వారానికి 40 మిల్లీగ్రాముల పద్ధతి మూడు వారాల పద్ధతికి ఏమాత్రం తీసిపోలేదు, వినికిడి నష్టమూ తక్కువగా ఉంది. పైగా రేడియేషన్‌తో కలిపి ఇచ్చేటప్పుడు చదరపు మీటరుకు మొత్తం 200 మిల్లీగ్రాములు అందితే ప్రయోజనంలో చాలా భాగం దక్కినట్లేనని మా రంగంలో చాలామంది భావిస్తారు. మీ నాన్నగారికి పూర్తి మోతాదులో రెండు డోసులు అయితే ఆ మేరకు చేరుకున్నట్లే. మూడోది ఇవ్వాలా, మార్చాలా, ఆపాలా అనేది ఆయన వ్యాధి దశ, కిడ్నీల పరిస్థితి, ఆడియోగ్రామ్ చూసి నిర్ణయించవలసిన విషయం. అడగడానికి మొహమాటపడకండి.

ఇంకొక సంగతి. కీమో మధ్యలో జ్వరం వస్తే అమికాసిన్, జెంటామైసిన్ వంటి యాంటీబయాటిక్‌లు, నీరు చేరితే ఫ్యూరోసెమైడ్ ఇస్తుంటారు. ఇవన్నీ లోపలి చెవికి హాని చేయగలవు, సిస్‌ప్లాటిన్‌తో కలిస్తే హాని పెరుగుతుంది. ఇవి తప్పనిసరి అయ్యే సందర్భాలు ఉంటాయి, కానీ ప్రత్యామ్నాయం ఉన్నచోట అది వాడేలా, చెవి సమస్య ఉందని కేస్‌షీట్ మీద రాయించండి.

కాకతీయ_కోట
పీజీ గారు చెప్పినట్లు అడిగితే నాకు అభ్యంతరం లేదు. నా భయం అడగకుండానే మానేసేవాళ్ల గురించి. మా అన్నయ్యకు రెండో కీమో సమయంలో జ్వరం వచ్చి అమికాసిన్ ఇచ్చిన సంగతి మాత్రం ఇది చదివాకే గుర్తొచ్చింది.

కరకట్ట_విశ్రాంతి
సిస్‌ప్లాటిన్ ఒక్కటే కాదు. నాకు ముక్కు వెనుక భాగంలో క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చారు. చికిత్స అయిపోయి అందరం మరిచిపోయిన చాలా కాలానికి ఎడమ చెవి మూసుకుపోయినట్లు అనిపించింది. నేను ఇక లోపలి చెవి పోయిందనే నిశ్చయానికి వచ్చాను. తీరా చూస్తే మధ్య చెవిలో నీరు చేరిందని, రేడియేషన్ వల్ల ముక్కుకూ చెవికీ మధ్య ఉండే గొట్టం పనిచేయడం లేదని తేలింది. ఆ భాగానికి చికిత్స చేశాక కొంత తెరిపి వచ్చింది. లోపలి చెవి నష్టం కూడా ఉంది, అది మాత్రం అలాగే ఉంది.

ఆడియాలజిస్ట్_విశాఖ
కరకట్ట_విశ్రాంతి గారు చెప్పినది చాలామందికి పనికొస్తుంది. నాన్నగారికి మెడ, ముఖ భాగంలో రేడియేషన్ జరుగుతోంది కనుక గోదావరి_గట్టు గారు కూడా గాలి ద్వారా, ఎముక ద్వారా వినికిడిని విడివిడిగా కొలిపించి, మధ్య చెవి పరీక్ష కూడా అడగాలి. మధ్య చెవి వాటా ఎంతో తెలిస్తే బాగుచేయగలిగింది బాగుచేస్తారు. రేడియేషన్ వల్ల లోపలి చెవికి కలిగే నష్టం నెలల తర్వాత, ఏళ్ల తర్వాత కూడా బయటపడవచ్చు. అందుకే చికిత్స ప్రణాళిక వేసేటప్పుడే కాక్లియాకు చేరే సగటు మోతాదు 45 గ్రేలు (రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) దాటకుండా, వీలైతే 35 లోపు ఉండేలా చూస్తారు. గడ్డ చెవికి దగ్గరగా ఉంటే అది అన్నిసార్లూ సాధ్యం కాదు.

సిస్‌ప్లాటిన్ విషయంలోనూ చికిత్స ముగిసిందని పరీక్షలు ఆపకూడదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 2017లో ప్రచురించిన పని ప్రకారం, మిగతా అవయవాల నుంచి చాలావరకు వెళ్లిపోయే ప్లాటినం కాక్లియాలో మాత్రం నెలలు, ఏళ్లు నిలిచిపోతుంది.

మునేరు_ఒడ్డు
బంగారం ధర వింటేనే గుండె ఆగే ఈ రోజుల్లో, ప్లాటినం ఒంట్లోనే పెట్టుకు తిరుగుతున్నానన్న మాట. ఇంట్లో చెప్పను, తాకట్టు పెడదామంటారు.

హన్మకొండ_గుమాస్తా
వినికిడి యంత్రం ఖర్చు గురించి, సర్టిఫికెట్ గురించి ఎవరూ రాయలేదు కనుక రాస్తున్నాను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, మాటకు సంబంధించిన పౌనఃపున్యాల్లో రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెళ్ల లోపం ఉంటే పాక్షిక వినికిడి లోపం, 70 ఉంటే బధిరత. మా చెల్లెలికి కీమో తర్వాత పై పౌనఃపున్యాలు దాదాపు పూర్తిగా పోయాయి, కింది పౌనఃపున్యాలు బాగానే ఉన్నాయి. సగటు తీస్తే హద్దు లోపలే నిలిచింది, సర్టిఫికెట్ రాలేదు. తరగతిలో పాఠం వినపడని మనిషికి చట్టం దృష్టిలో లోపమే లేదు. సగటు అనే లెక్క ఈ రకమైన చెవుడును పట్టుకోలేదని నా అభిప్రాయం.

నిజామాబాద్_అమ్మ
గుమాస్తా గారూ, మా బాబుది కూడా అచ్చం అదే పరిస్థితి. మరి యంత్రం ఎక్కడ తీసుకున్నారు?

హన్మకొండ_గుమాస్తా
సొంత డబ్బుతోనే కొన్నాము. అయితే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి, మాట లోపాలకు సంబంధించిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, పరీక్షలూ సలహాలూ అక్కడ దొరుకుతాయి. పిల్లలను తప్పకుండా ఒకసారి చూపించండి.

ఆడియాలజిస్ట్_విశాఖ
నిజామాబాద్_అమ్మ గారూ, యంత్రంతో పాటు టీచరు మెడలో వేసుకునే చిన్న మైకు గురించి కూడా అడగండి. టీచరు గొంతు నేరుగా పిల్లవాడి యంత్రంలోకి చేరుతుంది, గది గోలను దాటుకుని రావలసిన పని ఉండదు. అది దొరికేలోపు బాబును ముందు వరుసలో, కిటికీకి దూరంగా కూర్చోబెట్టమని, బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పవద్దని ఆడియోగ్రామ్ జతచేసి ఉత్తరం రాయండి. ధ్యాస లేదనే మాట ఆ కాగితంతో ఆగుతుంది.

గోదావరి_గట్టు
మళ్లీ పరీక్ష చేయించాము. 2000 హెర్ట్జ్ వరకు ఫరవాలేదు, 4000 దగ్గర నుంచి గీత నిలువునా కిందికి దిగింది, మధ్య చెవి బాగానే ఉంది. నివేదిక చూసిన క్యాన్సర్ వైద్యుడు ఈసారి ఓపికగా మాట్లాడారు. రెండు డోసులు పూర్తి మోతాదులో అందాయని, మూడో డోసు ఆపి రేడియేషన్ మాత్రం పూర్తి చేద్దామని అన్నారు. ఇక్కడ చెప్పిన ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లడం పనికొచ్చింది. హోరుకు మందేమైనా ఉందా? కొలెస్ట్రాల్ మాత్ర పనిచేస్తుందని ఎవరో అన్నారు.

టెక్సస్_ఫార్మసీ
అటోర్వాస్టాటిన్ గురించి అయి ఉంటుంది. తల, మెడ క్యాన్సర్‌కు సిస్‌ప్లాటిన్ తీసుకున్నవారిలో, అప్పటికే ఆ మాత్ర వాడుతున్నవారికి వినికిడి నష్టం తక్కువగా కనిపించిందని 2021లో ఒక అధ్యయనం వచ్చింది. అది వాడుతున్నవారిని గమనించి చెప్పిన మాటే తప్ప, ఎవరికి ఇవ్వాలో చీటీలు తీసి తేల్చి, ఇచ్చి చూసిన ప్రయోగం కాదు. పైగా అది నష్టం జరగకముందు సంగతి. ఇప్పుడు సొంతంగా మొదలుపెట్టకండి.

ఆడియాలజిస్ట్_విశాఖ
హోరును మాయం చేసే మందు లేదు. చాలామందికి వినికిడి యంత్రం పెట్టాక బయటి శబ్దాలు పెరిగి హోరు వెనక్కి తగ్గుతుంది. పూర్తి నిశ్శబ్దంలో అది ఎక్కువగా బాధిస్తుంది కనుక, రాత్రి గదిలో ఫ్యాను శబ్దమో సన్నని రేడియోనో ఉండనివ్వండి. ఊరేగింపు డీజేలకు, గుడి మైకులకు దూరంగా ఉంచండి, మిగిలిన కణాలకు ఆ మోత తట్టుకునే శక్తి తక్కువ. ఒంటి తూలుడు ఏమైనా ఉంటే అదీ చెప్పండి, ఈ మందు లోపలి చెవిలోని తుల్యత భాగాన్ని కూడా కొందరిలో తాకుతుంది.

కొత్త_సభ్యురాలు_ఏలూరు
ఈ చర్చ మొత్తం ఇప్పుడే చదివాను. మా అత్తగారికి రేపు మధ్యాహ్నం మొదటి సిస్‌ప్లాటిన్ ఎక్కిస్తారు. ఎవరూ చెవి పరీక్ష రాయలేదు. ఇంత తక్కువ సమయంలో ఏం చేయాలి? కీమో వాయిదా వేయమని అడగాలా?

ఆడియాలజిస్ట్_విశాఖ
వాయిదా వేయమని అడగకండి. పొద్దున్నే చెవి, ముక్కు, గొంతు విభాగానికి వెళ్లి, కీమోకు ముందు ఆడియోగ్రామ్ కావాలని చెప్పండి. సాధారణంగా అరగంట పని. కుదరకపోతే మందు ఎక్కిన 24 గంటల లోపు చేయించినా మొదటి కొలతగా పనికొస్తుంది. చెవిలో గులిమి ఉంటే ముందు తీయించండి, లేకపోతే అంకెలు తప్పుగా వస్తాయి. ఆ కాగితాన్ని ఫైలులో మొదటి పేజీగా పెట్టి, ప్రతి డోసుకు ముందు మళ్లీ కొలిపించండి.

కొత్త_సభ్యురాలు_ఏలూరు
మా ఆయన ఇప్పుడే ఫోన్ చేశారు. పొద్దున తొమ్మిదింటికి రమ్మన్నారు.